మెట్టలో ఒక రాత్రి: పక్క ఎక్కడ వేయాలి, నీళ్లు ఎన్ని మోయాలి

మాది నెల్లూరు జిల్లా మెట్ట. వింజమూరు నుంచి ఉదయగిరి పోయే వైపు ఒక పల్లె. మా నాయన గొర్రెలు కాసేవాడు. పంటలు కోసుకున్నాక రైతులే పిలిచి తమ చేలో మందను పడుకోబెట్టించుకునేవారు, ఎరువు కోసం. సెలవులొస్తే నేనూ మా అన్నా ఆ మంద పక్కనే పడుకునేవాళ్లం. ఇప్పుడు నేను మోటార్ల వైండింగ్ షాపు నడుపుతున్నాను. అయినా సంక్రాంతి పోయాక రెండు మూడు రాత్రులు బయట పడుకోకపోతే ఆ ఏడు ఏదో లోటుగానే ఉంటుంది. మొదట్లో ఒక్కణ్నే పోయేవాణ్ని. తర్వాత మా బావమరిది తోడయ్యాడు. ఈ మధ్య నెల్లూరు, ఒంగోలు నుంచి కుర్రాళ్లు కొత్త టెంట్లు కొనుక్కుని వస్తున్నారు. వచ్చి బండి దిగగానే అందరూ అడిగేది ఒకటే: "అన్నా, టెంట్ ఎక్కడ వేద్దాం?"

ఆ ప్రశ్నకు జవాబు కుదిరితే మిగతావన్నీ దాని వెనకే కుదురుతాయి. మా నాయన మంద దింపే చోటు కోసం ఒక్కోసారి గంటసేపు తిరిగేవాడు. చిన్నప్పుడు నాకు విసుగు పుట్టేది. ఇప్పుడు నేనూ అలాగే తిరుగుతాను.

మన మెట్ట ఎడారి కాదు. కానీ బయట పడుకునే మనిషికి ఎడారిలో ఉండే ఇబ్బందులు చాలా వరకు ఇక్కడా ఉంటాయి. నీడ తక్కువ, నీళ్లు తక్కువ, నేల గులకరాళ్లు కలిసి గట్టిగా ఉండే గరప, పగలు ఎండ మాడుస్తుంది, మబ్బు లేని రాత్రి తెల్లవారుజాముకు నేల చల్లారిపోయి చలి పుడుతుంది. అందుకే మామూలు పిక్నిక్‌కి పోయినట్టు పోకూడదు.

నేల ఎవరిది

మా మేనల్లుడు అమెరికాలో అరిజోనాలో ఉంటాడు. అక్కడ ఎడారిలో బీఎల్‌ఎం అనే ప్రభుత్వ శాఖ కింద ఉన్న భూముల్లో, వద్దని బోర్డు లేని చోట, సాధారణంగా 14 రోజుల దాకా ఎవరైనా టెంట్ వేసుకోవచ్చట. మనకు అలాంటి ఏర్పాటు లేదు. ఊరి బయట ఖాళీగా కనిపించే నేల అంతా ఊరికే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, ప్రతి సెంటుకూ ఒక లెక్క ఉంది. పట్టా కావచ్చు, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి కావచ్చు, మేత పోరంబోకు, వాగు పోరంబోకు, చెరువు శిఖం, గుడి మాన్యం, లేదా రిజర్వు ఫారెస్టు.

రిజర్వు ఫారెస్టులో మాత్రం అనుమతి లేకుండా రాత్రి ఉండకండి. ఇందులో నాకు రెండో మాట లేదు. అది నేరం, ఆపైన ప్రమాదం. వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది. దాని దొంగలు రాత్రిళ్లే తిరుగుతారు, వాళ్ల కోసం ఫారెస్టు వాళ్లూ రాత్రిళ్లే తిరుగుతారు. చీకట్లో టార్చి వేసుకుని కొత్త మనుషులు కనిపిస్తే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? అడవి అంచు రాళ్లను, బోర్డులను గుర్తుపట్టండి. అవి కనిపించకపోతే గొర్రెల కాపరిని అడగండి. ఎక్కడి దాకా మేపొచ్చో అతనికి బాగా తెలుసు.

నేను ఎక్కువగా పడుకునేది కోత అయిపోయిన పట్టా చేలల్లోనే. రైతును అడిగి పడుకుంటాను. పోరంబోకు అయితే ఊళ్లో ఒక పెద్ద మనిషికి, సచివాలయంలో వీఆర్వోకు ఒక మాట చెప్పి పోతాను. ఎవరిది, ఏ ఊరు, ఎంతమంది, ఎప్పుడు పోతారు అన్న నాలుగు ముక్కలు చెబితే చాలామంది కాదనరు. పైగా మనకు తెలియనివి వాళ్లే చెబుతారు. పోయినేడు ఒక పెద్దాయన "పండుకోండి నాయనా, ఆ తూరుపు గట్టు దాటి మాత్రం పోబాకండి, అవతల నేలబావి ఉండాది" అన్నాడు. పొద్దున చూస్తే నిజంగానే గట్టు లేని బావి, చుట్టూ రెల్లు మొలిచి అంచు కూడా కనబడటం లేదు. ఆయన్ని అడగకపోయి ఉంటే రాత్రి మాలో ఎవరో ఒకరు అటు పోయేవాళ్లే.

గుడి దగ్గర పడుకోవడం ఇంకా తేలిక. ప్రకాశం వైపు భైరవకోన, మా వైపు పెంచలకోన రెండూ కొండల మధ్య ఉన్న క్షేత్రాలే. భైరవకోనలో రాతిని తొలిచి కట్టిన 8 శివాలయాలున్నాయి, వానలు పడ్డ ఏడు జలపాతం దూకుతుంది. మొదటిసారి బయట పడుకునేవాళ్లు, ఆడపిల్లలతో, పసివాళ్లతో వచ్చేవాళ్లు గుడి వాళ్లను అడిగి ఆ ఆవరణలోనే ఉండండి. నీళ్లుంటాయి, మనుషులుంటారు.

ఉదయగిరి దుర్గం చూడాలని అందరికీ ఉంటుంది. చూడండి, కానీ తెల్లవారుజామునే ఎక్కడం మొదలుపెట్టి, పొద్దు వాలకముందే దిగిపోండి. కొండ 3,000 అడుగుల పైన ఉంటుంది. కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర నుంచి ఈ కోటను 1514లో గెలుచుకున్నది దాదాపు ఏడాదిన్నర ముట్టడి తర్వాత. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుణ్నే హంపీలో గుడి కట్టి నిలిపాడు. కింద నిలబడి పైకి చూసిన ప్రతిసారీ, అంత సైన్యం ఈ మెట్టలో అన్నాళ్లు నీళ్లెలా తెచ్చుకుందా అని నాకు అనిపిస్తుంది.

ఏ నెలల్లో

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా. మనకు ఎక్కువ వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు లేచే కాలంలో. అప్పుడు వద్దు. మార్చి దాటితే పగలు నిలవలేం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మాట మా వైపు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. జనవరిలో మంచు కురుస్తుంది కాబట్టి పక్క మీద ఒక టార్పాలిన్ పట్టా అడ్డం ఉండాలి, మందపాటి దుప్పటి ఉండాలి. మా నాయన గొంగళి కప్పుకునేవాడు. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, ఉండేది వెంట్రుకే. అందుకే అన్ని గొర్రెలున్నా గొంగళి మాత్రం పై ఊళ్ల నుంచి వచ్చిన వాళ్ల దగ్గర కొనేవాడు. ఆ గొంగళి ఇప్పటికీ నా దగ్గరుంది. మంచులో దాన్ని మించింది నేను చూడలేదు.

పక్క వేసే చోటు

పొద్దు గుంకడానికి కనీసం రెండు గంటల ముందు చేరుకోవాలి. ఇది తప్పితే ఇక కింద చెప్పేవేవీ చేయలేరు. చీకటి పడ్డాక చోటు వెతకడమంటే గుడ్డిగా పడుకోవడమే.

మొదట వాగు సంగతి. ఇసుక మెత్తగా ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది, చూడగానే పడుకోవాలనిపిస్తుంది. నాకు పదేళ్లప్పుడు, నాయన మంద దగ్గర ఉంటే నేనూ అన్నా ఊరి వాగులో పక్క వేసుకున్నాం. మా నెత్తిన మబ్బు తునక కూడా లేదు. పడమట కొండల మీద మాత్రం మెరుస్తా ఉంది. కాసేపటికి నాయన వచ్చి ఇద్దరినీ రెక్క పట్టి లేపాడు. "వాగులో పండుకోబాకండిరా. నీళ్లు చెప్పి రావు" అన్నాడు. ఏడుపు మొహాలతో గట్టెక్కి గరప మీద పడుకున్నాం. తెల్లారి లేచి చూస్తే మేం పడుకున్న చోట మోకాలి లోతు ఎర్రనీళ్లు పోతున్నాయి. మా దుప్పటి ఒకటి అక్కడే మరిచిపోయి వచ్చాం, అది మళ్లీ కనిపించలేదు.

పైన కొండల్లో పడ్డ వాన కింద వాగులోకి గంటల మీద వస్తుంది. 2021 నవంబరు 19న కడప వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ రోజుల్లోనే పెన్నా పొంగి, నెల్లూరు దగ్గర కోవూరు వైపు హైవే కూడా కోసుకుపోయింది. హైవేనే ఆగలేదంటే మన టెంట్ ఎంత? వాగు గట్టు మీద కూడా కాదు, గట్టుకు పైన, పాత వరదకు చెట్ల కొమ్మల్లో చిక్కుకున్న చెత్త ఎంత ఎత్తున ఉందో చూసి, దానికంటే బాగా ఎత్తున ఉండండి.

రెండోది వాలు. కంటికి చదునుగా కనిపించే చోట చెంబెడు నీళ్లు పోయండి. నీళ్లు ఎటు పారితే అటు కాళ్లు పెట్టుకుని పడుకోవాలి. ఎటూ పారక నిలబడిపోతే ఆ చోటు వదిలేయండి. నాలుగు చినుకులు పడితే అది మడుగే.

మూడోది చుట్టుపక్కల. పుట్టలకు, రాళ్ల కుప్పలకు, కంచెకు, గడ్డివాములకు దూరం. పుట్ట అంటే పాము ఒక్కటే కాదు, చెదల కోసం ఎలుగుబంటి తవ్వేదీ పుట్టనే. పొడుగ్గా ఒంటరిగా నిలబడ్డ తాటిచెట్టు కింద వద్దు, పిడుగులు అక్కడే పడతాయి. బోద గడ్డి మధ్యలో వద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. సర్కారు తుమ్మ దగ్గర అసలు వద్దు. ఆ ముల్లు చెప్పులోంచి దిగుతుంది, బండి టైరులోంచి దిగుతుంది. గాలి పరుపులు తెచ్చుకునే వాళ్లకు పల్లేరు కాయలే చాలు, ఒక్క రాత్రికి పది బొక్కలు. పట్టా పరిచే ముందు వేపమండతో నేల ఊడ్చి, తర్వాత చెప్పులేసుకున్న కాలితో నిమిరి చూడండి.

నాలుగోది కరెంటు. దీని గురించి నేను కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే నా పనే మోటార్లు. చేలల్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉంటాయి. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. పైపు మూతికి ఎదురుగా, కాలవ దారిలో పక్క వేశారంటే ఏ రాత్రో నిద్రలో తడిసిపోతారు. స్టార్టర్ డబ్బా మీద, దాని తీగల మీద చెయ్యి వేయకండి, ఫోన్ చార్జింగ్ కోసం అసలే వద్దు.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. అడవి పందులు పంట పాడు చేస్తాయని కొందరు చేను చుట్టూ సన్న తీగ లాగి కరెంటు పెడతారు. అది చట్టానికి విరుద్ధం. మనుషులు చచ్చిపోయారు, పశువులు చచ్చిపోయాయి. ఆ తీగ పగలే సరిగా కనిపించదు, రాత్రి అసలు కనిపించదు. కాబట్టి చీకటి పడ్డాక పంట ఉన్న చేలల్లో అడ్డం పడి నడవకండి. బండి బాట మీదే నడవండి. పొద్దుండగానే రైతును మొహమాటం లేకుండా అడగండి: "మామా, ఈ చుట్టుపక్కల ఎవరైనా తీగ పెడతారా?"

చివరిది గాలి. టెంట్ మూతి గాలికి ఎదురుగా పెట్టకండి. మన గరప నేలలో టెంట్‌తో వచ్చే సన్న మేకులు దిగవు, వంగిపోతాయి. తలకాయంత రాళ్లు నాలుగు తెచ్చి తాళ్లు వాటికి కట్టండి. రాయి ఎత్తేటప్పుడు ముందు కర్రతో దొర్లించి, అడుగున ఏముందో చూసి అప్పుడు చెయ్యి పెట్టండి. పొద్దున వెళ్లేటప్పుడు ఆ రాళ్లు మళ్లీ తెచ్చిన చోటే వేయండి, లేకపోతే దున్నే రోజు నాగలికి అడ్డం పడతాయి.

నీళ్లు

ఈ కాలంలో కూడా ఒక మనిషికి ఒక పగలు, ఒక రాత్రికి తాగడానికి 4 లీటర్లు, వంటకూ కడుక్కోవడానికీ 2 లీటర్లు లెక్కేస్తాను. నలుగురికి ఒక 20 లీటర్ల క్యాన్, తలా ఒక లీటరు బాటిల్. అన్నీ ఒకే క్యాన్‌లో పెట్టకండి, అది ఒరిగిందంటే అంతే. దాహం వేసేదాకా ఆగకుండా గంటకోసారి తాగాలి.

ఉదయగిరి, కనిగిరి ప్రాంతాల్లో నేలలో ఫ్లోరైడ్ ఉంది. ఎన్ని ఊళ్లలో పసివాళ్ల పళ్లు గారపట్టాయో, పెద్దవాళ్ల నడుములు వంగాయో నేను చూస్తూనే పెరిగాను. చాలామంది "మరగబెట్టి తాగుతాంలే" అంటారు. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా పోదు. ఒక్క రాత్రి తాగితే ఏమీ కాదు, అది ఏళ్ల తరబడి ఒంట్లో చేరే జబ్బు. అయినా బోరు దొరుకుతుందిలే అని ఉత్త చేతులతో రావద్దు. వింజమూరులోనో ఉదయగిరిలోనో ఆర్వో ప్లాంటులో క్యాన్ నింపుకుని రండి. ఆ ఊరి వాళ్లు కొనుక్కునే నీళ్లు మనం అడుక్కోవడం నాకు బాగుండదు.

పెన్నా వైపు ఇసుకలో చెలమ తీసే అలవాటు ఉంది. తడి ఇసుకలో మోచేతి లోతు గుంట తీస్తే నీళ్లు ఊరతాయి. మొదట ఊరిన మురికినీళ్లు రెండు మూడుసార్లు తోడి పారబోస్తే తేటనీళ్లు వస్తాయి. చూడ్డానికి అద్దంలా ఉంటాయి, కానీ మరగబెట్టే తాగండి. లేచేటప్పుడు గుంట పూడ్చేయండి.

ఎవరికైనా తల తిరిగి, ఒళ్లు చల్లబడి చెమటలు పోస్తే నీడలో పడుకోబెట్టి ఉప్పు చక్కెర నీళ్లు ఇవ్వండి: 1 లీటరు నీళ్లకు టీ చెంచాతో చదునుగా 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం అది వడదెబ్బ. ఒంటి మీద నీళ్లు పోస్తూ విసురుతూ 108కి ఫోన్ చేయండి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

రాత్రి

నేల మీద పడుకునే వాళ్లకు ఎక్కువ భయం కట్లపాముతోనే. అది రాత్రే తిరుగుతుంది. కాటు వేస్తే పెద్దగా నొప్పి ఉండదు, వాపు రాదు, చీమ కుట్టిందేమో అనుకుని మళ్లీ నిద్రపోతారు. తర్వాత కడుపులో నొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. అందుకే నేను మడత మంచం మోసుకుపోతాను. మంచం లేకపోతే జిప్పు పూర్తిగా వేసే టెంట్. అదీ లేకపోతే దోమతెర కట్టి, దాని అంచులు నాలుగు పక్కలా పరుపు కిందికి దోపండి. దోమతెర పామును కూడా ఆపుతుంది. రాళ్లలో చిన్న పింజర, గడ్డిలో రక్తపింజర, ఎలుకలున్న చోట నాగుపాము ఉంటాయి. రాత్రి లేస్తే టార్చి లేకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

కాటు పడితే కట్లు బిగించి కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి, పసరు కోసం పరిగెత్తకండి. ఉంగరాలు, గడియారం తీసేయండి. కాటు పడ్డ చెయ్యో కాలో కదలకుండా కర్ర కట్టి, నడిపించకుండా, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. ఈ నాలుగు పాములకూ ఆ ఇంజెక్షన్ ఒక్కటే, పామును పట్టుకెళ్లాల్సిన పని లేదు. దగ్గర్లో ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రి ఏదో పగలే కనుక్కుని పెట్టుకోండి. ఫోన్ సిగ్నల్ ఏ మిట్ట మీద అందుతుందో కూడా అప్పుడే చూసుకోండి.

తేళ్ల కోసం ఒక ఉపాయం. దొంగనోట్లు చూసే నీలం లైటు దొరుకుతుంది కదా, అది నేల మీద వేస్తే తేలు పచ్చగా మెరుస్తుంది. పడుకోబోయే ముందు పక్క చుట్టూ ఒకసారి వేసి చూడండి. ఎర్ర తేలు కుడితే, ముఖ్యంగా పసివాళ్లకు, ఒళ్లంతా చెమటలు, వాంతులు మొదలైతే ఆలస్యం చేయకండి.

తిండి విషయం తేలికే. మొదటి పూట ఇంటి నుంచి పులిహోర, జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి తెచ్చుకోండి. టీ కోసం చిన్న గ్యాస్ స్టవ్ చాలు. నెగడు వేయాలనిపిస్తే రైతు ఒప్పుకున్న చోట, గడ్డి లేని నేల మీద, గాలి లేనప్పుడే. పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చెయ్యి పెడితే చల్లగా తగలాలి. మిగిలిన తిండి మూత బిగించి బండిలో పెట్టండి.

అన్నీ సర్దుకున్నాక టార్చి ఆర్పి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా పావుగంట ఊరికే కూర్చోండి. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో దక్షిణాన కిందుగా ఒంటరిగా ఒక పెద్ద చుక్క మెరుస్తుంది. అది అగస్త్య నక్షత్రం. మందలో గొర్రెపిల్ల ఒకటి తల్లి కోసం అరుస్తుంటే, ఆ చుక్కను చూస్తూ నాయన పక్కన నిద్రపోవడం నాకు ఇప్పటికీ గుర్తే.

పొద్దున్నే

బూట్లు బోర్లించి దులిపి వేసుకోండి. పట్టాను మీ వైపు అంచు నుంచి కాకుండా, అవతలి అంచును కర్రతో లేపి మీ వైపుకు మడవండి. దాని కింద ఏదైనా దూరి ఉంటే అటే పోతుంది. దొడ్డికి పోవాలంటే వాగుకు, బావికి కనీసం 80 అంగల దూరంలో జానెడు లోతు గుంట తీసి, పని అయ్యాక పూడ్చండి.

చెత్త మొత్తం మూట కట్టుకుని తీసుకుపోవాలి. అగ్గిపుల్ల, సిగరెట్ పీక, అరటి తొక్క కూడా. పగిలిన బీరు సీసా పెంకు గొర్రె డెక్కలో దిగితే ఆ గొర్రె మంద వెంట నడవలేదు. కుంటుతూ వెనకబడి ఏ కుక్కలకో చిక్కుతుంది. చనిపోయిన గొర్రెను కోసినప్పుడు కడుపులో ప్లాస్టిక్ కవర్లు ముద్దగా ఉండటం నేను కళ్లారా చూశాను. ఆ రోజు నాయన అన్నం తినలేదు.

బయల్దేరే ముందు రైతు ఇంటి దగ్గర ఆగండి. రాత్రి ఏ ఇబ్బందీ లేదని, నిప్పు ఆర్పామని, రాళ్లు తీసేశామని చెప్పండి. డబ్బు ఇస్తే చాలామంది తీసుకోరు. నేనైతే స్టార్టర్ డబ్బా తెరిచి, వదులైన తీగలు బిగించి, చీమలు పట్టిన కాంటాక్టులు తుడిచి వస్తాను. మీకు ఏది చేతనైతే అది చేయండి. ఏదీ లేకపోతే వచ్చే ఏడు వచ్చేటప్పుడు ఆ ఇంటి పిల్లలకు నాలుగు నోటు పుస్తకాలు తెచ్చివ్వండి.